సముద్రం కనబడే మంచం

ముందుగా నా అక్షరాలను మన్నించాలి. మా ఆయన పోయిన తర్వాత, చర్చి హాల్లో ఆడవాళ్ళ కోసం పెట్టిన సాయంత్రపు తరగతిలో నేర్చుకున్న అక్షరాలివి. ఒకే మాటను ఒక పేజీలో ఒకలాగా, ఇంకో పేజీలో ఇంకోలాగా రాస్తాను. రెండింటిలో మీకు నచ్చినది ఉంచుకోండి. నేను ఒక పేజీ పూర్తి చేసేలోపు మా కోడలు కొబ్బరి తురిమి, పాలు పిండి, చేప వండి, అందరికీ పెట్టి, గిన్నెలు కూడా కడిగేస్తుంది. అయినా ఈ సంగతి నేనే రాయాలి. ఎందుకంటే మావాళ్ళు చెప్పుకునే కథలో నేను దొంగని.

నేను దొంగిలించానంటున్నది ఒక మంచం. అదీ ఒక్క రాత్రికి.

పెళ్ళికి ముందు నేను మా ద్వీపాల పాత రాజధాని లెవుకాలో, రేవుకు ఎదురుగా ఉన్న పాత చెక్క హోటల్లో పక్కలు వేసే పని చేసేదాన్ని. మేడ మీద ముందు గదిలో ఇత్తడి గుండ్లున్న పెద్ద మంచం ఉండేది. దాన్ని రోజూ నేనే సర్దేదాన్ని. హోటలు యజమానురాలికి ఒక విద్య ఉండేది. దుప్పటి మీద ముడత చూసి, మంచం అంచున ఎవరు కూర్చున్నారో, ఎంతసేపు కూర్చున్నారో చెప్పేసేది. అందుకని నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ గదికి వచ్చిన దొరసానులందరూ కిటికీలోంచి సముద్రం ఎంత బాగుందో చెప్పుకునేవారు. నేను పక్క వేసేటప్పుడు నా వీపు కిటికీ వైపు ఉండేది.

మా ఆయన ఇనోకే సరుకుల ఓడ మీద బరువులు దింపే యంత్రం నడిపేవాడు. దేశంలో ఉన్న ప్రతి రేవునూ చూశాడు. అంటే ప్రతి రేవులోనూ గిడ్డంగి తలుపును చూశాడు. ఆయన పని మానేసే రోజున ఓడ యజమాని ఆయన మెడలో పూలదండ వేసి ఒక బహుమతి ఇచ్చాడు. పాత సరుకుల ఓడ ఒకదానికి రంగులు వేసి, గదులు కట్టి, పర్యాటకులను చారిత్రక రేవు పట్టణాలకు తిప్పడం మొదలుపెట్టారట. అందులో మా ఇద్దరికీ ఒక గది. సువా, సవుసవు, లెవుకా. తీరిగ్గా వెళ్ళడం, తీరిగ్గా చూడడం, తీరిగ్గా రావడం. దానికోసం అచ్చు వేసిన కాగితం మీద ఒక తెల్ల జంట బొమ్మ ఉంది. చేతిలో గ్లాసులు పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నారు. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

ఇనోకే ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "పాపం, వీళ్ళకెవరూ లేరు," అన్నాడు.

నేను అప్పుడే చెప్పేశాను. లెవుకాలో ఓడ ఒక రాత్రి ఆగుతుంది కాబట్టి, ఆ రాత్రి నాకు ఓడలో గది వద్దని, ఆ హోటల్లో ఆ మంచం కావాలని.

"నువ్వు సర్దిన మంచమేనా?"

"నేను సర్దిన మంచమే. ఈసారి ఇంకెవరైనా సర్దాలి."

ఆయన నవ్వి, వెళ్ళి ఫోను చేసి ఆ గది మాకోసం ఉంచమని చెప్పి వచ్చాడు. నేను తెల్లని నూలుగుడ్డ కొని, మెడ చుట్టూ లేసు పెట్టి, ఆ మంచం మీద వేసుకోవడానికి ఒక రాత్రి గౌను కుట్టుకున్నాను. ఈ వయసులో ఎవరు చూడాలని అంటూ మా కూతురు ఎగతాళి చేసింది. మంచం చూస్తుందని చెప్పాను.

అంతా బాగానే ఉంది. కానీ ఇనోకేకు నిద్ర పట్టలేదు. చుట్టాలున్న రేవు మీదుగా చెప్పకుండా వెళ్ళిపోవడమంటే వాళ్ళ ముఖాన తలుపు వేయడమే. అలాగని చెబితే వాళ్ళు శ్రమపడతారు. ఆలోచించి ఆలోచించి, మా ద్వీపాల్లో పుట్టిన కబురూ, పోయిన కబురూ, ఓడ ఆలస్యమైన కబురూ అందరూ ఎక్కడ చెప్పిస్తారో అక్కడే చెప్పించాడు. సాయంత్రం నేను చేప కడుగుతుంటే రేడియోలో వినబడింది. లౌతోకాలో ఉండే ఇనోకే, లోసలీనీ దంపతులు సువా, సవుసవు, లెవుకా రేవుల మీదుగా ఊరికే చూసి రావడానికి వెళ్తున్నారనీ, బంధువులెవరూ శ్రమ తీసుకోవద్దని ప్రార్థన అనీ.

"శ్రమ తీసుకోవద్దని చెప్పాను కదా," అన్నాడు ఇంటికి రాగానే.

"చెప్పావు. రేవుల పేర్లు కూడా చెప్పావు."

మర్నాడు ఆయన బజారుకు వెళ్ళి ఒక పెద్ద కట్ట యంగోనా వేర్లు మోసుకొచ్చాడు. ఏ ఊళ్ళో దిగినా ముందు ఆ వేరు పెద్దల ముందు పెట్టి, నాలుగు మర్యాద మాటలు చెప్పి, వాళ్ళు దాన్ని దంచి నీళ్ళలో కలిపి ఇచ్చినది కొబ్బరి చిప్పతో తాగితేనే మనం ఆ ఊరికి వచ్చినట్టు. లేకపోతే ఎంత తిరిగినా రానట్టే. పర్యాటకులు ఇది మోస్తారా అని అడిగాను. వాళ్ళకు చుట్టాలు లేరు కాబట్టే పర్యాటకులయ్యారని ఆయన జవాబు.

ఓడలో మా పక్క గదిలో బ్రిస్బేన్ నుంచి వచ్చిన దంపతులు ఉన్నారు. ఆవిడ పేరు డెనీస్. మంచి మనిషి. హోటల్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో నేను ఆవిడతో మాట్లాడేదాన్ని. ఎందుకొచ్చారని అడిగితే, కాస్త ఎవరూ లేకుండా ఉందామని వచ్చామంది. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాను. మేమిద్దరమే అంది. మరి ఎవరి దగ్గర నుంచి తప్పించుకుని వచ్చారని అడిగితే, మొగుడి వైపు చూసి నవ్వింది.

సువాలో ఓడ ఇంకా తాడు వేయకముందే రేవులో మావాళ్ళు కనబడ్డారు. లారీ నిండా ఉన్నారు. ముందు నిలబడింది ఇనోకే మేనత్త కొడుకు మనోవా. మా దగ్గర బావాబావమరుదులు ఒకరినొకరు ఎంతమాటైనా అనుకోవచ్చు. అనకపోతేనే ఏదో గొడవ ఉందని అనుకుంటారు.

"ఏం బావా, శ్రమ తీసుకోవద్దన్నావని ఎవరం తీసుకోలేదు. పంది ఒక్కటే శ్రమపడింది," అన్నాడు మనోవా.

డెనీసూ వాళ్ళాయనా టోపీలు పెట్టుకుని మ్యూజియానికి, పాత ప్రభుత్వ భవనాలకు వెళ్ళారు. మేము మనోవా ఇంటికి వెళ్ళాం. అక్కడ చాప మీద కూర్చుని, చప్పట్లు కొట్టి చిప్ప అందుకుని, తాగి, మళ్ళీ చప్పట్లు కొట్టి, నాలుక మొద్దుబారేదాకా సువా నగరాన్ని దర్శించాం. వంటింటి కిటికీలోంచి గడియారపు గోపురం కొస కనబడింది. దాన్ని చూస్తూ నేను కర్రపెండలం తొక్క తీశాను. పర్యటనకు వచ్చినదానివి నువ్వెందుకు చేస్తావని మనోవా భార్య అంది కానీ, కత్తి మాత్రం నా చేతికే ఇచ్చింది.

మా దగ్గర ఇంకో మర్యాద ఉంది. ఎవరైనా మన వస్తువు బాగుందంటే అది వాళ్ళదైనట్టే. ఇవ్వననడానికి మా భాషలో మాట ఉంది గానీ, దాన్ని వాడినవాడిని నేనింతవరకు చూడలేదు. మనోవా ముందు ఇనోకే కొత్త టోపీ బాగుందన్నాడు. తర్వాత గొడుగు బాగుందన్నాడు. తర్వాత బూట్ల వైపు చూస్తుంటే, ఇనోకే కాళ్ళు వెనక్కి ముడుచుకుని కూర్చున్నాడు. మనోవా అది చూసి, "కాళ్ళు నీవే ఉంచుకో బావా, బూట్లు చాలు," అన్నాడు. ఇల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఇనోకే నవ్వాడు. చెప్పులు లేకుండా ఓడెక్కాడు.

తీసుకున్నవాళ్ళు ఊరికే పంపరు. మాకు రెండు మొగలి చాపలు, గంపెడు చేమదుంపలు, శ్రమపడిన పందికి తమ్ముడిని ఇచ్చారు. పర్యాటకుల ఓడలో పశువులు కూడదని కెప్టెన్ అన్నాడు. ఆ కెప్టెన్‌కు తాళ్ళు ముడివేయడం నేర్పినవాడు ఇనోకే. కాబట్టి పందిని పైన, డెనీస్ కూర్చునే కుర్చీ పక్కన కట్టేశారు. సువాలో చూసిన భవనాలన్నింటికీ కలిపి తీసినన్ని ఫొటోలు ఆవిడ ఒక్క పందికే తీసింది.

సువా నుంచి సవుసవు వరకు ఇనోకే సంతోషంగానే ఉన్నాడు. రేవంటే ఇదీ, ఓడ మీద పనిచేసిన కాలంలో ఎప్పుడైనా ఇలా కూర్చుని మాట్లాడానా అని అడిగాడు. నేను గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచి, గౌను ఉందో లేదో చూసుకుని వచ్చాను.

సవుసవులో వచ్చింది ఇనోకే చెల్లెలి కొడుకు రుసియాతే. మేనల్లుడి సంగతి వేరు. మిగతా చుట్టాలు బాగుందని మెచ్చుకుని తీసుకుంటారు. మేనల్లుడు మెచ్చుకోడు, అడగడు. మేనమామ ఊళ్ళో, మేనమామ ఇంట్లో, మేనమామ వస్తువుల్లో ఏది కావాలంటే అది ఎత్తుకుని పోతాడు. అది అతని తల్లి రక్తానికి ఇచ్చే గౌరవం. ఎవరైనా అడ్డం వస్తే వాళ్ళదే తప్పు. రుసియాతే ఓడెక్కి, మామకు ముక్కు తగిలేలా వంగి ముద్దుపెట్టి, గదిలోకి వెళ్ళి, పెట్టె భుజాన వేసుకుని దిగిపోయాడు.

అందులో నా గౌను ఉందని ఇనోకే చెవిలో చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. గౌను కోసం కాదు.

"చూశావా వాడి నడక? అచ్చం మా నాన్న. మేనల్లుడు తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు?"

నేను రేవు మీద రుసియాతేను పట్టుకుని, పెట్టె ఉంచుకో నాయనా, లోపలున్న ఒక్క గుడ్డ ఇచ్చేయమని అడిగాను. వాడు గుండ్రంగా నవ్వాడు.

"అత్తా, ఇచ్చేస్తే మామకు అవమానం. నీకు మాత్రం మేనమామలు లేరా? వెళ్ళి వాళ్ళది తెచ్చుకో."

ఆ మాట నాకు కోపం తెప్పించింది. కానీ ఆ రోజంతా చెవిలో ఉండిపోయింది.

సవుసవులో వేడినీటి ఊటలున్నాయి, పాత కొబ్బరి వర్తకుల ఇళ్ళున్నాయి. డెనీస్ అవన్నీ చూసొచ్చి మాకు చెప్పింది. మాకు ఇంకో చాప వచ్చింది. తిరిగి ఓడెక్కేసరికి మా దగ్గర ఒంటి మీది బట్టలు, మూడు చాపలు, దుంపలు, పంది మిగిలాయి. నాకు మటుకు లెవుకాలో మంచం మిగిలి ఉంది. గౌను లేకపోయినా ఫరవాలేదు, మంచం ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇనోకే కూడా అదే అన్నాడు. ఆయన అన్నప్పుడు మాత్రం నాకు నచ్చలేదు.

లెవుకా రేవు ఏమీ మారలేదు. కొండ, కొండకు ఆనుకుని చెక్క ఇళ్ళు, ముందు ఒకే వీధి, ఆ వీధికి ఎదురుగా నీళ్ళు. మా ద్వీపాలన్నింటినీ పెద్దలు ఇంగ్లండు రాణిగారి చేతిలో పెట్టిన చోటున ఒక రాయి ఉంది. డెనీస్ దాని గురించి పుస్తకంలో చదివి, అంతా ఒక్కరోజులో ఎలా ఇచ్చేశారని నన్ను ఆశ్చర్యంగా అడిగింది. రాణిగారి తరఫున వచ్చినవాళ్ళెవరో మీ ద్వీపాలు బాగున్నాయని అని ఉంటారని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. చెప్పుల్లేని ఇనోకేకు బాగానే అర్థమై, దగ్గాడు.

రేవులో మా మేనమామ ఎపేలీ నిలబడి ఉన్నాడు. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. రేడియో విని, పక్కనే ఉన్న మోతురికి ద్వీపం నుంచి పడవ వేసుకుని వచ్చాడు. వెంట భార్య సాలోమే అత్త, ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు. ఆయన నన్ను పట్టుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. మంచి మనిషి, అబద్ధం చెప్పకూడదు. ఏడుపు అయ్యాక, ఎక్కడ దిగారని అడిగాడు. ఇనోకే గర్వంగా హోటలు మేడ వైపు చూపించాడు. ఎపేలీ మామ తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

నేను ఇనోకే కాలు తొక్కాను. బూటు ఉంటే తగిలేది కాదనుకోవచ్చు. బూటు కూడా లేదు. అయినా ఆయన నోరు అప్పటికే తెరుచుకుంది.

"మీరే పడుకోండి మామయ్యా. మాకెందుకు, మేము కింద హాల్లో పడుకుంటాం."

పెద్దలందరూ మాట ఖాయమన్నట్టు చప్పట్లు కొట్టారు. ఎపేలీ మామ మూటను ఎవరో మేడ మీదికి మోసుకెళ్ళి, గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కింద గోడ మీద మేకుకు తగిలించారు. నా కాలంలో కూడా ఆ మేకే ఉండేది. సముద్రపు గాలికి తుప్పుపట్టి మరింత లావైంది.

ఆ మధ్యాహ్నం ఇనోకేను హోటలు వెనుక వైపుకు, మేము దుప్పట్లు ఆరేసుకునే చోటుకు తీసుకెళ్ళాను. అక్కడ ఇప్పుడు కూడా దుప్పట్లు ఆరుతున్నాయి. ఎంత నెమ్మదిగా మాట్లాడాలో అంత నెమ్మదిగా మాట్లాడాను. నీ టోపీ ఇచ్చావు, నేనేమీ అనలేదు. బూట్లు ఇచ్చావు, అనలేదు. నా గౌను పోయింది, అప్పుడూ అనలేదు. ఈ ప్రయాణంలో నేనడిగింది ఒక్కటే.

ఆయన తల దించుకున్నాడు. "నాకు తెలుసే. కానీ నోటితో ఇచ్చాను కదా, ఎలా తీసుకోమంటావు?"

"నువ్వు తీసుకోలేవు. నువ్వు అల్లుడివి," అన్నాను. అలా అంటుంటేనే రుసియాతే భుజం మీద పెట్టె కనబడింది నాకు.

సాయంత్రం హోటలు హాల్లో చాపలు పరిచారు. అవి మా చాపలే. మధ్యలో యంగోనా గిన్నె, గిన్నె చుట్టూ పెద్దలు, ఒక పక్కన ఇనోకే. నేను ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, వంగి నడుస్తూ వెళ్ళి, ఎపేలీ మామ ముందు కూర్చున్నాను.

"మామా, మా అమ్మ నీ అక్క. నేను నీ మేనకోడల్ని. మేడ మీది మంచం నాది. తీసుకుంటున్నాను."

చిప్ప పోసేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎపేలీ మామ కోప్పడలేదు. ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది.

"అది మేనల్లుళ్ళ హక్కు కదమ్మా. మేనకోడలికి ఉందని మా నాన్న చెప్పగా నేనెప్పుడూ వినలేదు."

"మీ నాన్న చెప్పినవన్నీ మీరు విన్నారేమిటి?" అంది సాలోమే అత్త వెనక నుంచి.

అంతే, చర్చ మొదలైంది. పెద్దల్లో ఒకాయన, రక్తం తల్లి నుంచి వచ్చేదైనప్పుడు కొడుకేమిటి కూతురేమిటి అన్నాడు. ఇంకొకాయన, పూర్వం ఏ మేనకోడలూ ఇలా తీసుకున్నట్టు లేదు కాబట్టి హక్కు లేదన్నాడు. హక్కు లేదనుకుని ఎవరూ తీసుకుని ఉండరని మొదటాయన అన్నాడు. ఇది తేలికగా తేలేది కాదని, గిన్నె మళ్ళీ నింపమని ఎపేలీ మామ చెప్పాడు. ఇనోకే ఎటు మాట్లాడితే ఎవరికి అవమానమో తెలియక, రెండువైపులా తలూపుతున్నాడు. నన్నెవరూ చూడడం లేదు. నా మంచం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాతో పనిలేదు.

అప్పుడు నాకు నా తప్పు తెలిసింది. నేను చెప్పాను. చెబితే చర్చ వస్తుంది. మేనల్లుడు చెప్పడు కదా.

లేచి, మేకు మీది తాళంచెవి తీసుకున్నాను. సాలోమే అత్త నన్ను చూసింది. చూసి, మొగుడి వైపు తిరిగి, వాళ్ళ పెళ్ళి రోజున ఆయన మేనల్లుడు ఎత్తుకుపోయిన పడవ ప్రస్తావన పెద్ద గొంతుతో తెచ్చింది. నేను మెట్లు ఎక్కుతుంటే పడవ ఎవరిదని కేకలు వినబడుతున్నాయి.

మామ మూటను మర్యాదగా బయట గుమ్మం పక్కన పెట్టాను. దాని కింద మా దగ్గరున్న మంచి చాప పరిచాను. తలుపు వేసుకున్నాను. ఇంకా చీకటి పడలేదు. దుప్పటి బిగువుగా, ముడత లేకుండా ఉంది. సర్దినవాళ్ళకు పని బాగా వచ్చు. నేను అంచున కూర్చోలేదు. ఒకేసారి మధ్యలో పడుకున్నాను, ఒంటి మీది బట్టలతోనే.

పరుపు నడుమ గుంట పడి ఉంది. ఇత్తడి గుండ్లలో ఒకటి లేదు. కానీ పడుకుని చూస్తే కిటికీ నిండా నీళ్ళే. రేవు కనబడదు, వీధి కనబడదు, మనుషులు కనబడరు. డెనీస్ అంత దూరం నుంచి వచ్చింది దీనికోసమే కాబోలు. చాలా బాగుంది. బాగుందని నోటితో అనలేదు. అంటే ఎవరికి వినబడుతుందోనని భయం.

తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. ఇనోకే. కళ్ళు ఎర్రగా, నాలుక మందంగా ఉన్నాయి.

"పెద్దలు తేల్చారు," అన్నాడు. "మేనకోడలికి హక్కు లేదట."

"ఎప్పుడు తేల్చారు?"

"ఇప్పుడే."

"నా నిద్ర అయ్యేదాకా ఆగారు. మంచివాళ్ళు."

ఆయన గుమ్మంలో నిలబడి ఒకసారి నన్ను, ఒకసారి మంచాన్ని చూశాడు. "హక్కు లేని మంచం మీద ఎంత దర్జాగా పడుకున్నావే," అన్నాడు. ముందు కాళ్ళు కడుక్కురమ్మన్నాను. కడుక్కుని వచ్చి, దొంగతనంలో భాగం తీసుకునేవాడిలా అంచున ఒరిగాడు. తల దిండు మీద పెట్టి కిటికీ వైపు చూశాడు.

"ఇక్కడి నుంచి గిడ్డంగి కనబడదే," అన్నాడు. అని, నిద్రపోయాడు.

ఓడ కూత వేసేదాకా లేపలేదు. కిందికి దిగేటప్పుడు ఎపేలీ మామ చాప మీద, మూట తలకింద పెట్టుకుని గుర్రు పెడుతున్నాడు. రేవులో పందిని ఓడ దింపించి సాలోమే అత్తకు వదిలేశాను. దాన్ని చూసి ఆవిడ బాగుందని కూడా అనలేదు, ఊరికే తాడు అందుకుంది. మంచం మీద దుప్పటిని అలాగే వదిలేశాను, నిండా ముడతలతో. జీవితంలో సర్దకుండా వదిలిన పక్క అదొక్కటే. ఇప్పుడు ఎవరైనా ఆ ముడతలు చూసి ఎవరు పడుకున్నారో, ఎంతసేపు పడుకున్నారో చెప్పుకోవచ్చు.

మోతురికిలో ఈ రోజుకీ నా పేరు చెబితే మంచం దొంగ అంటారట. తీర్పు కూడా మారలేదు. అయితే అక్కడి మేనకోడళ్ళు ఈ మధ్య ఏదైనా కావలసి వస్తే మేనమామలను అడగడం మానేశారని సాలోమే అత్త కబురు చేసింది. ఊరికే వెళ్ళి తెచ్చుకుంటున్నారట. పెద్దలు ఆ విషయం మీద ఇంకా కూర్చునే ఉన్నారు.

లోసలీనీ. డెబ్బై నాలుగేళ్ళు. ఇప్పుడు లౌతోకాలో, కొడుకు కోడళ్ళ దగ్గర ఉంటున్నాను.